నలభై దాటాక ఓనమాలు

మళ్లీ చదువుదాం: మాక్సిం గోర్కీ ‘అమ్మ’

ఆడమనిషికి ముసలితనం ఎప్పుడొస్తుంది?

జుట్టు నెరిసినప్పుడా? మోకాళ్లు పట్టేసినప్పుడా? మన ఊళ్లలో దీనికి వేరే లెక్కుంది. కొడుక్కి పెళ్లయితే అత్త. బిడ్డకు కాన్పయితే అమ్మమ్మ. చిన్నప్పుడే పెళ్లిళ్లు చేసేసిన రోజుల్లో ఈ రెండు హోదాలూ నలభై దాటకముందే వచ్చేసేవి. అక్కడితో ఆమె కథ అయిపోయినట్టే. ‘మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయే’ అని అడుగుతారు. ‘గోలీ ఏసుకున్నవా’ అని అడుగుతారు. ‘నువ్వేమంటవే’ అని మాత్రం ఎవరూ అడగరు. ఇంట్లో ఏ విషయంలోనూ ఆమె మాట కోసం ఎవరూ ఆగరు. ముసలితనం అంటే బహుశా ఇదే.

వందేళ్లు దాటిన ఓ నవల సరిగ్గా అలాంటి ఆడమనిషితో మొదలవుతుంది. అదే మాక్సిం గోర్కీ ‘అమ్మ’. పేరు వినగానే ‘అది విప్లవాల పుస్తకం కదా’ అని పక్కన పెట్టేవాళ్లు చాలామంది. చదివినవాళ్లలోనూ ఎక్కువమందికి గుర్తుండేది జెండా పట్టుకుని నడిచిన కొడుకు పావెలే. కానీ రచయిత పుస్తకానికి కొడుకు పేరు పెట్టలేదు, గమనించారా? ఈ వారం ఆ నవలను అమ్మ వైపు నుంచి చదువుదాం. అలా చదివితే ఇది, జీవితం అయిపోయిందనుకున్న ఒక స్త్రీ మళ్లీ మొదలుపెట్టిన కథ.

సైరన్ మోగే ఊరు

నవల ఫ్యాక్టరీ కూతతో మొదలవుతుంది. తెల్లవారకముందే ఆ కూత విని జనం ఇళ్లలోంచి బయటపడతారు. సాయంత్రానికి ఫ్యాక్టరీ వాళ్లను మళ్లీ బయటికి వదులుతుంది. గోదావరిఖనిలోనో, బెల్లంపల్లిలోనో పుట్టి పెరిగినవాళ్లకు ఈ పేజీలు కొత్తగా అనిపించవు. బాయి సైరన్‌ను బట్టే పొయ్యి వెలిగించడం, షిఫ్టును బట్టే నిద్ర, జీతం రోజు సాయంత్రం సారా వాసన... రష్యాలో ఎక్కడో ఉన్న ఆ బస్తీ మనకు తెలిసిన కాలనీలాగే ఉంటుంది. తెలుగులోకి క్రొవ్విడి లింగరాజు తెచ్చిన ఈ నవల కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చేతులు మారుతూ తిరగడానికి ఆనాటి రాజకీయాలు ఒక కారణమైతే, ఈ పోలిక ఇంకో కారణం.

ఆ బస్తీలో ఒక ఇల్లాలు పెలగేయా నీలొవ్నా. అందరూ పిలిచేది నీలొవ్నా అని. ఆ మాటకు ‘నీల్ అనే ఆయన కూతురు’ అని అర్థం. అంటే తండ్రి పేరు. రచయిత అయితే నవల పొడవునా ‘తల్లి’ అనే అంటాడు. మన దగ్గర మాత్రం? ఫలానా పోరగాని తల్లి, ఫలానా ఊరామె. సొంత పేరు రేషన్ కార్డు మీద ఉంటుంది.

భర్త ఫ్యాక్టరీలో ఫిట్టరు. తాగుతాడు, కొడతాడు. ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఆమె నడకే మారిపోయింది. దేనికో తగులుతానేమో అన్నట్టు ఒక పక్కకు ఒదిగి, చప్పుడు చేయకుండా నడుస్తుంది. ఈ ఒక్క వివరంతో గోర్కీ ఆమె కాపురం మొత్తం చెప్పేస్తాడు. భర్త జబ్బు చేసి చనిపోతాడు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. ఆ బస్తీ లెక్కలో ముసలిదే. ఇక మిగిలింది కొడుకు. వాడూ తండ్రిలాగే తాగడం మొదలుపెడతాడు.

బట్టల్లో దాచిన కాగితాలు

కొడుకు పావెల్ ఉన్నట్టుండి తాగుడు మానేస్తాడు. ఇంటికి పుస్తకాలు తెస్తాడు. అవి సర్కారు నిషేధించిన పుస్తకాలని తల్లికి చెప్పేస్తాడు. ఆమెకు వణుకు పుడుతుంది. కొడుకు స్నేహితులు ఇంటికి వస్తారు. మాటలు సగం అర్థం కావు. కానీ ఆ కుర్రాళ్లు తనను ‘మీరు’ అంటారు. తను కూర్చుంటే కూర్చోమంటారు, మాట్లాడితే వింటారు. ఆమె జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత పావెల్‌ను పోలీసులు పట్టుకెళ్తారు. అతను జైల్లో ఉన్నప్పుడు ఫ్యాక్టరీలో కరపత్రాలు ఆగిపోతే, అవి పంచింది అతనేనని తేలిపోతుంది. ఆగకూడదు. మరి లోపలికి ఎవరు తీసుకెళ్లాలి? గేటు దగ్గర ఒక్కొక్కరినీ తడిమి చూస్తున్నారు.

నేను తీసుకెళ్తానని అంటుంది తల్లి. ఫ్యాక్టరీలో తిండి అమ్మే పక్కింటావిడ దగ్గర పనికి కుదురుతుంది. తిండి సామాను మోసుకుంటూ, ఒంటి మీద బట్టల్లో కాగితాలు దాచుకుని గేటు దాటుతుంది. కాపలావాళ్లు ఆమెను అనుమానించరు. ఎందుకు అనుమానిస్తారు? ఆమె ముసలిది, భయస్తురాలు, అన్నం అమ్ముకునే మనిషి. ఇన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనకపోవడం ఆమెకు శాపం. ఆ రోజు అదే ఆయుధమైంది. పని పూర్తిచేసి ఇంటికొచ్చాక ఆమెలో కలిగే సంతోషం నవలలోని అందమైన ఘట్టాల్లో ఒకటి. నలభై ఏళ్లలో మొదటిసారి ఒక పని తనవల్ల అయింది. అదీ వంటింటి పని కాదు.

గమనించాల్సింది ఒకటుంది. ఆ పనిని ఆమె సిద్ధాంతం తెలిసి చేయలేదు. కొడుకు మీద అనుమానం పోవాలని చేసింది. మన అమ్మలు ఏ పనైనా మొదలుపెట్టేది ఇలాగే కదా! కొడుకు కోసమో, బిడ్డ కోసమో. తమ కోసమని చెప్పుకోవడం వాళ్లకు అలవాటు లేదు.

అక్షరాలు, ఒక బొమ్మల పుస్తకం

వాళ్లింట్లో అద్దెకు దిగిన ఆంద్రేయ్ అనే కుర్రాడు ఆమెకు చదువు నేర్పుతాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే ఆమెకు ఏడుపొస్తుంది. చదవలేకపోతున్నందుకు కాదు, ఇంత ఆలస్యంగా మొదలైనందుకు. చావడానికి సిద్ధపడాల్సిన వయసులో చదువు మొదలైందేమిటని ఆమె బాధ.

ఈ ఏడుపు మనకు దూరమైనది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత ఆదిలాబాద్ జిల్లాలో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు సగానికి కాస్త ఎక్కువ. ఇందులో బడి పిల్లలను పక్కన పెట్టి యాభై దాటినవాళ్లనే లెక్కేస్తే ఎంతమంది మిగులుతారో మీరే ఊహించండి. మహిళా సంఘాలు వచ్చాక పొదుపు పుస్తకంలో వేలిముద్ర బదులు సంతకం పెట్టడం నేర్చుకున్న అవ్వలు ఊరూరా ఉన్నారు. పలక మీద పేరు దిద్దుకుని, ఎవరైనా చూస్తారేమోనని కొంగుతో తుడిచేసిన వాళ్లు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

నవల రెండో భాగంలో తల్లి పట్నానికి చేరుతుంది. కొడుకు మళ్లీ జైల్లో ఉంటాడు. నికొలాయ్ అనే చదువుకున్నాయన ఇంట్లో ఆమెకు జంతువుల బొమ్మలున్న పెద్ద పుస్తకం దొరుకుతుంది. సీతాకోకచిలుకల పేజీలు తిప్పుతూ మురిసిపోతుంది. లోకంలో ఇంత అందం ఉందా, మన పక్కనుంచే వెళ్లిపోతున్నా మనం చూడలేదా అని ఆశ్చర్యపోతుంది. ఆ ఇంట్లోనే పియానో వింటుంది. మొదట ఏమీ అర్థం కాదు. వింటూ వింటూ ఉండగా ఎప్పుడో భర్త చేతిలో పడ్డ పాత కష్టం గుర్తొస్తుంది. ఇన్నాళ్లూ లోపలే ఉండిపోయిన ఆ సంగతులు నోరు తెరిచి చెబుతుంది. 

ఉద్యమాల నవలలో సీతాకోకచిలుకలెందుకు? అవి లేకపోతే ఈ నవలలో అమ్మ కొడుకు సంచి మోసే మనిషిగానే మిగిలిపోయేది. ఆ బొమ్మలు ఆమె ఎవరి కోసమూ చూడలేదు. తన కోసం చూసింది.

స్టేషన్లో ఆ ఐదు నిమిషాలు

కోర్టులో పావెల్ చేసిన ప్రసంగాన్ని రహస్యంగా అచ్చు వేస్తారు. ఆ కాగితాలు నింపిన పెట్టెతో తల్లి రైలు ఎక్కాలి. స్టేషన్లో ఒక గూఢచారి ఆమెను గుర్తుపడతాడు. ఆమెకు ఒక్క క్షణం పెట్టె వదిలేసి వెళ్లిపోదామనిపిస్తుంది. గోర్కీ ఆ భయాన్ని దాచలేదు. అందుకే ఆమె మనకు నిజం మనిషిలా అనిపిస్తుంది. మరుక్షణం తనమీద తనకే సిగ్గేస్తుంది. పెట్టె దగ్గరికి లాక్కుని కూర్చుంటుంది.

కాపలా మనిషి వచ్చి ఆమెను దొంగ అంటాడు. ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నట్టు ముసలితనాన్ని కూడా ఎత్తిపొడుస్తాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగులుతుంది. అప్పుడు లేచి, పెట్టె తెరిచి, కాగితాలు జనం మీదికి విసురుతుంది. పంచుతూ మాట్లాడుతుంది. కొడుకు మాటలు కావు. తన మాటలు. పేదరికం గురించి, చాకిరీ గురించి, భయం గురించి. పోలీసులు కొడుతుంటే, గొంతు నొక్కుతుంటే కూడా మాట్లాడుతూనే ఉంటుంది. నవల అక్కడితో ముగుస్తుంది.

తప్పటడుగులు వేస్తున్నట్టు ఒదిగి నడిచిన మనిషి రైల్వే స్టేషన్లో నిలబడి పదిమందికి వినబడేలా మాట్లాడింది. ఈ రెండు చిత్రాల మధ్య దూరమే ‘అమ్మ’ నవల. ఆమె జీవితం కాగితాలు మోసిన రోజు మళ్లీ మొదలైందా, సొంత మాట పలికిన రోజు మొదలైందా? నా ఓటు రెండోదానికే.

పుస్తకంలో లోపాలు లేవా? ఉన్నాయి. ఉపన్యాసాలు ఎక్కువ. మంచివాళ్లు మరీ మంచివాళ్లు. పావెల్ కొన్నిచోట్ల రాతిబొమ్మలా ఉంటాడు. విసుగొస్తే ఆ పేజీలు దాటేయండి, తప్పులేదు. తల్లి ఉన్న పేజీలు మాత్రం వదలకండి.

అసలు తల్లికి యాభై దాటాయి

గోర్కీ ఈ నవలను 1906లో రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1902లో సోర్మొవో అనే కార్మికుల బస్తీలో మేడే ఊరేగింపు జరిగింది. జెండా పట్టుకున్న ప్యోత్ర్ జలోమొవ్ అనే కార్మికుణ్ని అరెస్టు చేశారు. పావెల్ పాత్రకు అతనే ఆధారం. అతని తల్లి అన్నా జలోమొవా నీలొవ్నా పాత్రకు ఆధారం. ఆమె పుట్టింది 1849లో. అంటే ఊరేగింపు నాటికి ఆమెకు యాభై మూడేళ్లు! నవలలో అమ్మ నలభైలో మొదలుపెడితే, జీవితంలో అమ్మ యాభైల్లో ఉంది. ఆ తర్వాత ఇంకో ముప్ఫై ఐదేళ్లకు పైనే బతికింది. ‘ఇంకేముంది, అయిపోయింది’ అనుకునే వయసు తర్వాత ఎంత జీవితం మిగిలి ఉంటుందో చూడండి.

లంబాడిపల్లి అవ్వ

ఇదంతా ఎక్కడో రష్యాలో, ఎప్పుడో వందేళ్ల కిందట అంటారా? అయితే కొండగట్టు అంజన్న గుడి ఉన్న మల్యాల మండలానికి రండి. అప్పటి కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. ఆ మండలంలోని లంబాడిపల్లి మిల్కూరి గంగవ్వది.

పొలం కూలి, బీడీల పని. ఉత్తర తెలంగాణలో లక్షలాది ఆడవాళ్ల బతుకు ఇదే. ఒళ్లో చేట, అందులో తునికాకు, తంబాకు, దారం. ఎండాకాలంలో ఆదిలాబాద్ అడవుల్లో తెంపిన ఆకు ఈ చేటల్లోకే వస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మగవాళ్లు దుబాయికో, భీవండికో పోతే ఇల్లు నడిచేది ఆ వేళ్ల మీదే. చూపు తగ్గి, వేళ్లు వంకరపోయాక పని ఆగిపోతుంది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకూ పింఛను ఇవ్వడం మొదలైంది. అది మంచి పనే. మందులకు కొడుకు ముందు చేయి చాచే బాధ కొంత తప్పింది. కానీ పింఛను కడుపు చూస్తుంది. ‘ఇప్పుడు ఏం చేయాలనుంది’ అనే ప్రశ్న దానికి తెలియదు.

గంగవ్వను ఆ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చింది ఒక కెమెరా. ఆమె అల్లుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ పేరుతో యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. పల్లె ముచ్చట్లు, పల్లె నవ్వులు. కొన్నేళ్లకు గంగవ్వ అందులో కనిపించడం మొదలైంది. ఆమెకు చదువు రాదు. చెప్పాల్సింది చదివి కాదు, విని చెబుతుంది. విన్నదాన్ని తన యాసలో, తన విసురుతో అంటుంది. జనం పడిపోయింది దానికే. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్లో అడుగుపెట్టింది. ఐదో వారంలో ఒంట్లో బాగోలేదని, ఇంటికి పోతానని తనే అడిగి బయటికొచ్చేసింది. ఆ తర్వాత సొంతూళ్లో కొత్త ఇల్లు కట్టుకుంది. 2024లో అదే షో ఎనిమిదో సీజన్‌కు మళ్లీ వెళ్లింది.

కొందరికి సినిమాలు, టీవీలు గొప్పగా అనిపిస్తాయి. నాకు మాత్రం ఐదో వారంలో బయటికి రావడమే గొప్పగా అనిపిస్తుంది. అంత పెద్ద షో, అంత పేరు, అంత డబ్బు. ‘నాతోని కాదు, నేను పోతా’ అనగలగడం చిన్న సంగతి కాదు. జీవితమంతా ఒళ్లు నొప్పులున్నా చేట దించకుండా పనిచేసిన తరం అది. ‘నాతోని కాదు’ అనే మాట ఆ తరం ఆడవాళ్ల నోట ఎప్పుడైనా విన్నారా? స్టేషన్లో నీలొవ్నా మాట్లాడటం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. సొంత మాట.

తలుపు తీసేదెవరు?

నవలలో తల్లికీ, లంబాడిపల్లి గంగవ్వకూ పోలికలు చాలా తక్కువ. ఒకామెది జైళ్లు, పోలీసుల దారి. ఇంకొకామెది నవ్వుల దారి. ఒకామె అక్షరాలు నేర్చుకుంది, ఇంకొకామె అక్షరాల అవసరం లేకుండానే నెగ్గింది. కానీ ఒక్క విషయంలో ఇద్దరి కథా ఒకటే. ఇద్దరికీ ఇంట్లోని కుర్రాళ్లే తలుపు తీశారు. ‘ఇది నువ్వు చేయగలవు’ అని ఒక నిజమైన పని చేతికిచ్చారు. ‘కాలక్షేపానికి ఏదైనా చేసుకో’ అని వదిలేయలేదు. ఆమె చేయకపోతే ఆగిపోయే పని అది.

దీనికి ఇంకో వైపూ ఉంది. నీలొవ్నాకు ఒక్కడే కొడుకు, చూసుకోవాల్సిన మనవలు లేరు. మన ఇళ్లలో అలా కాదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే పిల్లలు అవ్వ దగ్గరే. కొడుకు గల్ఫ్‌లో ఉంటే పొలం, బర్రె, బ్యాంకు పని అన్నీ అవ్వవే. ఆమె ఏదైనా మొదలుపెట్టాలంటే ముందు ఆమె చేతిలో పనిని ఎవరో అందుకోవాలి. ‘మా అమ్మకు ఏ ఆసక్తీ లేదండీ’ అనే మాట తరచూ వింటుంటాం. ఆసక్తి లేదా? తీరిక లేదా? అడిగి చూశామా?

హిందీలో గీతాంజలి శ్రీ రాసిన ‘రేత్ సమాధి’ నవలకు ఇంగ్లిష్ అనువాదంలో 2022లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. అందులో భర్త పోయిన ఎనభై ఏళ్ల తల్లి గోడవైపు తిరిగి పడుకుంటుంది. లేవదు. ఇంట్లో అందరూ బతిమాలుతారు. చివరికి ఆమె లేచి, కూతురింటికి వెళ్లి, అక్కడినుంచి సరిహద్దు దాటి పాకిస్థాన్ దాకా వెళ్తుంది. నలభైల నీలొవ్నా, అరవై దగ్గరి గంగవ్వ, ఎనభైల ఈ తల్లి... వయసు పెరుగుతోంది కానీ కథ ముగియడం లేదు.

మన తెలుగు నవలల్లో యాభై దాటిన ఆడమనిషి ఎక్కువగా అత్తగానో, అమ్మమ్మగానో ఒక మూలన కనిపిస్తుంది. కథానాయిక కావడం అరుదు. చేట పక్కన పెట్టిన బీడీ కార్మికురాలిని నాయికగా పెట్టి జగిత్యాల నుంచో, నిర్మల్ నుంచో ఎవరైనా నవల రాస్తే ఎంత బాగుంటుంది! సరుకు మన వాకిట్లోనే ఉంది.

అది వచ్చేలోగా ‘అమ్మ’ చదవండి. గ్రంథాలయంలో దొరుకుతుంది. మీ ఇంట్లో చదువు రాని పెద్దావిడ ఉంటే, కరపత్రాలు మోసిన అధ్యాయం వరకైనా చదివి వినిపించండి. ఆపేశాక ‘బాగుందా’ అని అడగొద్దు. ‘అవ్వా, నువ్వైతే ఏం చేసేదానివే?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఇన్నేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న కదా, కొంచెం ఆగాలి.